నదీజలములు – మత్స్యములలో లింగవిపర్యాసము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



పుస్తకముల పండుగనాడు చేపల ప్రసంగ మేమని కొందరికి తోచవచ్చును. ఐనను ఈ చేపల కథకు ఉపోద్ఘాతము గ్రంథాలయపు బీరువాలోనే యున్నది. భాగవత నవమస్కంధము చదివినవారికి సుద్యుమ్నుని వృత్తాంతము తెలిసినదే. వైవస్వతమనువు కుమారుడగు ఆ రాజు వేటకై పోయి, మేరుపర్వతపు చెంతనున్న యొక వనమున ప్రవేశించెను. ప్రవేశించినంతనే తాను స్త్రీ యయ్యెను. ఎక్కిన గుర్రము ఆడుగుర్ర మయ్యెను. వెంట వచ్చిన పరివారమంతయు స్త్రీలైరి. వారిలో నెవరును విషము త్రాగలేదు; ఎవరికిని గాయము తగులలేదు. ఆ చోటి గుణమే అట్టిది. పార్వతీదేవి ప్రీతికొరకు పరమశివుడు ఆ వనమునకు అట్టి నియమము పెట్టెనని పురాణము కారణము చెప్పుచున్నది.

ఇరువదవ శతాబ్దపు చివరి భాగమున ఆంగ్లదేశములోని పెక్కు నదులు మగచేపలపాలిటికి అట్టి వనములైనట్లు తేలెను. ఇది పురాణము కాదు. కోసి, తూచి, సూక్ష్మదర్శినితో చూచి వ్రాసిపెట్టిన సంగతి. ఇచ్చట నియమము పెట్టిన దేవుడెవడును లేడు; కారణము మనుష్యుల యిండ్ల నుండియే వచ్చినది. సుద్యుమ్నుడు వనమునకు పోకుండినచో పురుషుడుగానే యుండెడివాడు. చేపకు ఆ అవకాశమును లేదు. అది పుట్టుటయు పెరుగుటయు ఆ నీటిలోనే.

లండను నగరమునకు ఉత్తరపు దిక్కునుండి వచ్చి థేమ్సునదిలో కలియునట్టిది లీ అను చిన్ననది. అందు రోచ్ అను చేప విస్తారము. జానెడు పొడవు, వెండివంటి పొలుసులు, ఎర్రని రెక్కలు గల యీ చేప మన శీలావతికిని బొచ్చెకును దూరపు చుట్టము. 1970ల చివర, ఆ నదికి చేరువనున్న మురుగునీటి శుద్ధి కర్మాగారముల పరిసరమున పట్టిన రోచ్ చేపలలో కొన్ని వింతగా నుండెను. కోసి చూడగా ఒకే చేప కడుపులో మగబీజకోశమును, అందు నాటినట్లుగా ఆడచేప గుడ్లును కనబడెను.

చేపలు చచ్చి తేలలేదు. నీరు రంగు మారలేదు, దుర్గంధమును లేదు. గాలము వేయువారికి చేపలు ఎప్పటివలెనే దొరకుచుండెను. నదులను కాపాడు ఉద్యోగుల పుస్తకములలో చచ్చిన చేపలకు పద్దు కలదు గాని, మగదియో ఆడుదియో తేలని చేపకు పద్దు లేదు. ఏ లెక్కకైనను ఇది పెద్దలోపము. ఉన్నవానిలో తరుగు ఎంతయని మాత్రమే చూచి, రావలసినది వచ్చుచున్నదా యని చూడనిచో, చాలకాలము వరకు అంతయు సరిగానే యున్నట్లు కనబడును.

ఇచ్చట ఒక శంక రావచ్చును. చేపలలో ఆడుమగలు మారుట సహజమే కదా యని. నిజమే, కొన్ని జాతులలో అది సహజము. గోదావరీ కృష్ణల ముఖద్వారములయందు దొరకి, విందులలో పేరుపొందిన పండుగప్పయే అట్టిది. సాధారణముగా అది చిన్ననాడు మగదిగా నుండి, కొన్ని యేండ్లు పెరిగి పెద్దదైన పిమ్మట ఆడుది యగును. పెద్ద శరీరములో ఎక్కువ గుడ్లు పట్టును గనుక ఆ జాతికి అది లాభకరమైన యేర్పాటు. అది రోగము కాదు. రోచ్ చేప సంగతి వేరు. దానికి ప్రకృతి విధించిన ధర్మము పుట్టినది మొదలు చచ్చువరకు మగది మగదిగా, ఆడుది ఆడుదిగా నుండుట. కాని చేపపిల్ల బీజకోశము మొదట ఏ రూపమును పొందని మెత్తని ముద్దవంటిది. తన రక్తములో వచ్చు దూతరసములు, అనగా హార్మోనులు, ఎట్లు ఆజ్ఞాపించిన అట్లు వృషణముగానో అండాశయముగానో రూపొందును. ఆ దశలో వెలుపలినుండి దొంగ ఆజ్ఞ యొకటి వచ్చినయెడల, దానిని గుర్తుపట్టి త్రోసివేయు శక్తి చేపపిల్లకు లేదు. నీరు దాని మొప్పలగుండ నిరంతరము ప్రవహించుచుండును; నీటిలో నున్నది రక్తములోనికి పోవును.

కారణమును పట్టుకొనుటకు ఉపకరించినది ఒక మాంసకృత్తు. దానిపేరు విటెల్లోజెనిన్. గుడ్డులోని సొనకు ముడిసరకు అదియే. ఆడచేప గుడ్లు పెట్టు కాలమున, ఈస్ట్రోజెను అను స్త్రీహార్మోను ఆజ్ఞచే దాని కాలేయమునందు తయారై రక్తముద్వారా అండాశయమునకు చేరును. మగచేప కాలేయమునకును దానిని చేయు నేర్పు కలదు. కాని ఆజ్ఞ రాదు గనుక చేయదు. కావున మగచేప రక్తములో విటెల్లోజెనిన్ కనబడినదనగా, స్త్రీహార్మోనో దానివలె నటించు మరియొక పదార్థమో దాని శరీరములో ప్రవేశించినదని అర్థము. ఇంతకంటె నమ్మదగిన సాక్షి దొరకదు.

1980లలో ఆంగ్లదేశపు ప్రభుత్వ మత్స్యశాస్త్రజ్ఞులును, బ్రూనెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ సంప్టర్ మొదలగువారును ఈ సాక్షిని వినియోగించిరి. రెయిన్‌బో ట్రౌట్ అను చేపలను పంజరములలో నుంచి, శుద్ధి కర్మాగారములనుండి నదికి పోవు నీటిలో దేశమున పలుచోట్ల వ్రేలాడదీసిరి. ఒకటి మొదలు మూడు వారములు గడచిన పిమ్మట రక్తము తీసి పరీక్షించిరి. విటెల్లోజెనిన్ కనీసము 500 రెట్లు, కొన్నిచోట్ల లక్షరెట్లు పెరిగియుండెను. ఈ ఫలితములు 1994లో ప్రకటితమైనవి. అప్పటికి, 1991లో, అమెరికాదేశమున వింగ్‌స్ప్రెడ్ అనుచోట థియో కోల్బోర్న్ అను విదుషీమణి పిలుపుమేరకు సమావేశమైన శాస్త్రజ్ఞులు, శరీరపు హార్మోనుల వ్యవస్థను తారుమారు చేయు రసాయనములకు ఒక సామాన్యనామమును పెట్టియుండిరి. ఆ పేరునకు ఆంగ్లదేశపు ట్రౌటు చేపలు రూపము కల్పించినవి.

నీటిలో నున్న ఆ పదార్థమేది? మొదట పలువురు పలువిధములుగా ఊహించిరి. కర్మాగారపు రసాయనమని కొందరు, సంతాననిరోధపు మాత్రయని కొందరు. 1998లో ప్రకటితమైన పరిశోధనలో ఆ నీటిని అంచెలంచెలుగా వేరుచేసి, ఏ భాగమునందు గుణమున్నదో దానినే మరల వేరుచేయుచు పోయిరి. తుదకు చేతికి చిక్కినవి మూడు: ఈస్ట్రడయోలు, ఈస్ట్రోను, కొన్నిచోట్ల ఇథినైల్ ఈస్ట్రడయోలు. మొదటి రెండును మనుష్యశరీరము సహజముగా చేసి మూత్రముద్వారా విసర్జించునవి. మూడవది బెర్లిను నగరమున 1938లో కృత్రిమముగా తయారైనది; సంతాననిరోధపు మాత్రలలో చేరునది అదియే.

ఇందొక చమత్కారము కలదు. శరీరము ఈ హార్మోనులను వెలుపలికి పంపునపుడు, వానికి చక్కెరవంటి యొక పదార్థమును తగిలించి పంపును. అది తాళమువేసిన పెట్టెవంటిది. ఆ స్థితిలో హార్మోను ఏమియు చేయజాలదు. కాని మురుగుకాలువలలోని సూక్ష్మజీవులు ఆ తాళమును ఊడదీయును. శుద్ధి కర్మాగారము చేరునప్పటికే హార్మోను మరల తన పూర్వశక్తితో బయటపడును. శరీరము చేసిన జాగ్రత్త కాలువలో వ్యర్థమైనది.

మాత్రల మాట వచ్చినది గనుక ఒక విషయము స్పష్టము చేయవలెను. ఈ వార్త పత్రికలకెక్కిన దినములలో పెక్కురు దోషమంతయు మాత్రలు వాడు స్త్రీలపై మోపిరి. అది న్యాయము కాదు. సహజహార్మోనులు ప్రతి మనుష్యునినుండియు, స్త్రీపురుషభేదము లేక, వచ్చుచునే యున్నవి. గర్భవతులనుండి మరింత ఎక్కువగా వచ్చును. పశువులనుండియు వచ్చును. మాత్రలోనిది పరిమాణమున స్వల్పము. బలమున మాత్రము అధికము. పట్టణములు పెరిగి, లక్షలమంది మురుగు ఒక చిన్ననదిలో పడుటయే అసలు చిక్కు. ఆంగ్లదేశపు నదులు గోదావరివంటివి కావు. ఎండకాలమున వానిలో కొన్నింట పారు నీటిలో సగమునకు పైగా శుద్ధిచేసిన మురుగునీరే.

ఇక పరిమాణము. లెక్కలు వ్రాసికొను అలవాటుగలవారు కూడ తొలుత నమ్మని భాగమిదియే. ఈ పదార్థములను లీటరు నీటికి నానోగ్రాములలో కొలుతురు. నానోగ్రామనగా గ్రాములో నూరుకోట్లవ వంతు. లీటరు నీరు వేయి గ్రాములు గనుక, లీటరుకు ఒక నానోగ్రామనగా లక్షకోట్ల పాళ్లలో ఒక పాలు. వేరొక విధముగా చెప్పవలెనన్న, 25 ఎకరముల చెరువు నిలువున ఒక మీటరు లోతు నీటితో నున్నదనుకొనుడు. అందు సుమారు పదికోట్ల లీటర్ల నీరుండును. లీటరుకు 5 నానోగ్రాముల చొప్పున ఆ చెరువంతటికిని కావలసిన ఇథినైల్ ఈస్ట్రడయోలు అరగ్రాము. కంసాలి త్రాసులో నాలుగు గురివింద గింజల యెత్తు. అంతమాత్రము కలిసిన నీరు చేపల సంతతిని ఏమి చేయగలదో కొంచెము తరువాత కననగును.

1998లోనే సూసన్ జాబ్లింగ్, చార్లెస్ టైలర్, సంప్టర్ మొదలగువారు రోచ్ చేపలపై విపులమైన పరిశీలనమును ప్రకటించిరి. ఎనిమిది నదులలో శుద్ధి కర్మాగారములకు ఎగువను దిగువను చేపలను పట్టి పరీక్షించిరి. ఉభయలింగ లక్షణములు అన్నిచోట్ల కనబడెను, దిగువన హెచ్చు. నేన్, ఏర్ అను రెండు నదులలో కర్మాగారమునకు దిగువన పట్టిన మగచేపలన్నింటను ఆ లక్షణములుండెను. నూటికి నూరు. కొన్నింట అక్కడక్కడ ఒక గుడ్డు. కొన్నింట వృషణములో అధికభాగము గుడ్లతోనే నిండియుండెను. మరికొన్నింట శుక్రము వెలుపలికి పోవు నాళమునకు బదులు ఆడచేపకుండు నాళమువంటిది ఏర్పడెను.

ఏర్ నది సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. యార్క్‌షైర్ ప్రాంతమున ఉన్ని కడుగు మిల్లులు పూర్వమునుండియు ఉన్నవి. ఉన్నిలోని జిడ్డు పోగొట్టుటకు వాడిన డిటర్జెంటులు మురుగునీటిలో విరిగి నోనైల్‌ఫినాల్ అను పదార్థమగును. అది హార్మోను కాదు, హార్మోను వేషము వేసికొన్నది. బలములో స్త్రీహార్మోనుకంటె అనేకరెట్లు తక్కువైనను, మిల్లులనుండి వచ్చు రాశి అధికము గనుక ఫలము ఒకటే యయ్యెను. అచ్చట పంజరములలో నుంచిన మగట్రౌటుల వృషణములు ఎదుగుటయే మందగించెను.

ఇంతవరకు విన్నవారు, ఐనను ఆ నదులలో చేపలున్నవి కదా యని యడుగవచ్చును. యుక్తమైన ప్రశ్న. ఉత్తరము సూటిగా లేదు. కొద్దిపాటి మార్పు గల మగచేపలు సంతానమును కనుచునే యున్నవి. మార్పు తీవ్రమైనవానికి మాత్రము ఆ శక్తి బాగుగా క్షీణించును. తక్కిన మగచేపలతో కలిపి యొకే తొట్టెలో నుంచి పిల్లలను పరీక్షింపగా, అట్టివాని సంతానప్రాప్తి 76 శాతము వరకు తగ్గినట్లు 2011లో వెల్లడియైనది. మరియు 2014లో ప్రకటితమైన జన్యుపరిశోధనలో, మురుగునీరు విశేషముగా చేరు నదులలో సైతము రోచ్ సంతతులు వెలుపలి చేపల రాకమీద ఆధారపడక తమంతట తామే నిలిచియున్నవని తేలెను. సంతోషింపదగిన మాట. కష్టము సహించు జాతి యది. అన్నిజాతులును అట్లుండవు.

అట్లుండని జాతికి ఏమగునో తెలిసికొనుటకు కెనడాదేశమునకు పోవలెను. ఆ దేశమున ఒంటారియో రాష్ట్రపు వాయవ్యభాగమున అడవుల నడుమ కొన్ని చిన్న సరస్సులను పరిశోధనలకే ప్రత్యేకించి యుంచిరి. గాజుతొట్టెలో చేసిన పరీక్ష తొట్టెకే చెల్లును, నిజమైన సరస్సులో చేసిన పరీక్ష లోకమునకు చెల్లునని వారి యభిప్రాయము. అందు 260వ సంఖ్య గల సరస్సులో కారెన్ కిడ్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును 2001 మొదలు 2003 వరకు మూడు వేసవులు ఇథినైల్ ఈస్ట్రడయోలును కలిపిరి. కలిపినది లీటరుకు 5 మొదలు 6 నానోగ్రాములు. ఇందాకటి గురివిందల లెక్కయే. కలుపుటకు ముందు రెండేండ్లు ఆ సరస్సునందలి చేపలను లెక్కించి యుంచుకొనిరి; ప్రక్కనున్న కలుపని సరస్సులను పోల్చుటకు పెట్టుకొనిరి. పద్ధతి యనిన అది.

ఆ సరస్సులో ఫాట్‌హెడ్ మిన్నో అను చిరుచేపలు వేలకొలది యుండెడివి. వ్రేలెడు పొడవు, రెండు మూడేండ్ల ఆయువు. ఈ జాతిలో గుడ్లను కాపాడుట తండ్రి పని. మునిగిన దుంగక్రిందనో రాతిక్రిందనో చోటు శుభ్రముచేసి, ఆడుది గుడ్లు పెట్టిపోగా, పిల్లలగువరకు కావలి యుండును. హార్మోను కలిపిన తొలియేడే ఆ మగవాని రక్తము విటెల్లోజెనిన్‌తో నిండిపోయెను. వృషణముల ఎదుగుదల ఆగెను. కొన్నింట గుడ్లు కనబడెను. పెద్దచేపలు చావలేదు. ఈదుచునే యుండెను, మేయుచునే యుండెను. కాని రెండవయేటి వలలలో ఆ సంవత్సరపు పిల్లలు దాదాపుగా లేవు. ఆయువు స్వల్పమగుటచే పెద్దవి తమ కాలము తీరి పోవుచుండగా వెనుక వచ్చువారు లేరైరి. 2005 నాటికి ఆ సరస్సులో ఆ జాతి నామావశిష్టమగు స్థితికి వచ్చెను. ప్రక్క సరస్సులలో అదే జాతి యథాపూర్వముగా నుండెను.

కీడు అంతటితో నిలువలేదు. ఆ చిరుచేపలను తిని బ్రదుకు లేక్ ట్రౌట్ అను పెద్దచేపలు మేత చాలక తగ్గిపోయెను. వానికి హార్మోను నేరుగా చేసిన హానికంటె ఆకలి చేసిన హాని పెద్దది. దీర్ఘాయువు గల పెద్దచేప ఏడెనిమిది యేండ్లు సంతానము లేకున్నను నెట్టుకొని రాగలదు. రెండేండ్ల ఆయువు గల చిరుచేప నెట్టుకొని రాలేదు. ఐనను చిరుచేపయే తక్కినవానికి భోజనము. హార్మోను కలుపుట మానిన కొన్నియేండ్లకు మిగిలిన బహుకొద్ది చేపలనుండి ఆ జాతి మరల వృద్ధియై పూర్వపు సంఖ్యకు వచ్చెను. సుద్యుమ్నునికి శివానుగ్రహముచే మాసము విడిచి మాసము పురుషత్వము లభించెనని భాగవతము చెప్పుచున్నది. చెడిన చేపకు ఆ వరము లేదు. చెడని నీటిలో పుట్టిన దాని పిల్లలకే కలదు.

నివారణోపాయములు లేవా యనిన, కలవు. నోనైల్‌ఫినాల్ విషయమున పని తేలికయైనది. దానిని వాడు మిల్లులు ఏవో తెలియును, బదులు వాడదగిన డిటర్జెంటులును కలవు. ఏర్ నదీప్రాంతమున దాని వాడుక తగ్గగానే పంజరపు చేపలలో దోషము తగ్గినది. ఐరోపా సమాఖ్య దేశములన్నిటను దానిని అట్టి పనులకు వాడరాదని 2003లో శాసనముచేసి 2005 నుండి అమలుపరచిరి. మనుష్యుల మూత్రమునకు అట్టి శాసనము చేయ వీలులేదు. నీటినే మరింత శుద్ధిచేయవలెను. ఉత్తేజితమైన బొగ్గుపొరలగుండ నీటిని పంపిన హార్మోను చాలవరకు ఆ బొగ్గునకంటుకొని నిలిచిపోవును; అట్టి నీటిలో పెరిగిన రోచ్ చేపలలో దోషము తగ్గినట్లు 2012లో నిరూపితమైనది.

చిక్కంతయు ఖర్చువద్ద వచ్చినది. ఇథినైల్ ఈస్ట్రడయోలు లీటరుకు 0.035 నానోగ్రాములు మించరాదని ఐరోపా సమాఖ్య 2012లో ప్రతిపాదించెను. ఇంగ్లండు, వేల్సు ప్రాంతములలో కర్మాగారములను అందుకు తగినట్లు మార్చుటకు 2,600 కోట్ల మొదలు 3,000 కోట్ల పౌనుల వరకు కావలసివచ్చునని అంచనా వేసిరి. ఆ సొమ్ము ఇచ్చువారెవరు? మందులు చేయు కంపెనీలా, నీటిపన్ను కట్టు గృహస్థులా, సర్కారువారా? ఎవరికి వారు ప్రక్కవాని వంక చూచిరి. 2013లో హద్దు విధించుటకు మారుగా ఆ పదార్థమును కనిపెట్టి చూడవలసినవాని పట్టికలో చేర్చి యూరకుండిరి. ఖర్చు మోయలేమనుట ఒక మాట. ఆ ఖర్చు అసలు లేనట్లే పుస్తకము మూసివేయుట మరియొక మాట. హద్దు విధించనంత మాత్రమున ఆ బాకీ తీరలేదు. నదిపేర వ్రాయబడినది, అంతే.

అమెరికాలో కొలరాడో రాష్ట్రమున బౌల్డర్ అను పట్టణము కలదు. దాని శుద్ధి కర్మాగారమునకు దిగువన ఏటిలోని సక్కరు అను చేపలలో ఆడవియే అధికముగా నుండెను. ఎగువన లేని ఉభయలింగ చేపలు దిగువన కనబడెను. ఆ కర్మాగారపు నీటిలో ఫాట్‌హెడ్ మిన్నో మగచేపలను ఉంచి చూడగా, సంతానకాలమున వాని మూతిపై లేచు గట్టి మొటిమలు, మగతనపు గుర్తులు, కొద్దిదినములలోనే అణగిపోయెను. పిమ్మట ఆ పట్టణమువారు కర్మాగారమును మార్చి, మురుగునందలి సూక్ష్మజీవులు నీటితో ఎక్కువసేపు కలిసి పనిచేయునట్లు క్రొత్తపద్ధతి నేర్పాటు చేసిరి. అది చేపలకొరకు చేసినది కాదు. నత్రజని సంబంధమగు మాలిన్యమును తగ్గించుటకు చేసినది. 2008 ప్రాంతమున మరల మగచేపలను ఆ నీటిలో ఉంచి చూచిరి. హార్మోను బాగుగా తగ్గియుండెను. చేపల మూతిపై మొటిమలు చాలవరకు నిలిచియుండెను.